దూరస్థ గురువులు: ఒక గిటారు విద్య చరిత్ర

నేడు నేను మనవి చేయబోవునది వీణను గూర్చి కాదు, గిటారును గూర్చి. సంస్కృతము చదువుకొన్న బడిపంతులు మాటాడదగిన విషయమా యిది యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కారణము మా యింటనే యున్నది. మా మనుమడు రెండేండ్ల క్రిందట ఒక గిటారు కొనుక్కొని, ఎవరో దూరదేశపు ఉపాధ్యాయుడు చెప్పు పాఠములను సెల్‌ఫోనులో చూచుచు సాధన చేయ నారంభించెను. “గురుముఖమున వచ్చినదే విద్య. గాజుపలకలో గురువేమిటిరా?” అని నేను కోపించితిని. వాడు బదులు చెప్పక, గది తలుపు మూసికొని వాయించుకొనుచుండెను. కొన్నాళ్లకు నా కోపము న్యాయమైనదా కాదా యని నాకే సందేహము కలిగి, ఆ విద్య పుట్టుపూర్వోత్తరములను చదివితిని. ఆ చరిత్ర నా మాటలో సగమును నిలిపినది, సగమును కొట్టివేసినది.

వాడు నేర్చుచున్న పద్ధతికి ఫ్లాట్‌పికింగు అని పేరు. మన వైణికులు చూపుడువ్రేలితోను నడిమివ్రేలితోను తీగను మీటుదురు. ఇందులో అట్లు గాక, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఒక పలుచని బిళ్లను పట్టి ఉక్కుతీగలను మీటవలెను. పూర్వము మేలైన బిళ్లలను సముద్రపు తాబేటి చిప్పతో చేసెడివారు. అపాయములో నున్న జంతువుల రక్షణకై 1973 లో దేశములు చేసికొన్న ఒడంబడిక వలన ఆ వ్యాపారము నిలిచినది. ఇప్పుడు ప్లాస్టిక్కు జాతి పదార్థములతో చేయుదురు. ఈ విద్యకు మూలసూత్ర మొక్కటే: తాళపు దెబ్బపై పడు స్వరమునకు బిళ్ల క్రిందికి దిగవలెను, రెండు దెబ్బల నడిమి స్వరమునకు పైకి లేవవలెను. వినుటకు సులభమే. కాని ఒక తీగ నుండి మరియొక తీగకు దాటునప్పుడు చేయి ఈ వరుసను తప్పును. తప్పెనా, వేగము రాదు, నాదము తెగిపోవును.

అమెరికా దేశపు తూర్పుభాగమున అపలేషియను కొండలు కలవు. ఆ కొండపల్లెలలో నృత్యమునకు ఫిడేలే ప్రధానము. గిటారు వెనుక నుండి లయను అందించెడిది. 1927 ఆగస్టు మాసమున, టెనసీ వర్జీనియా రాష్ట్రముల సరిహద్దున నున్న బ్రిస్టలు పట్టణములో ఒక గ్రామఫోను కంపెనీవారు కొండపాటలను ప్లేట్లపై కెక్కించిరి. అప్పుడు పాడినవారిలో కార్టరు కుటుంబమువారు ముఖ్యులు. ఆ యింటి స్త్రీ మేబెల్ కార్టరు బొటనవ్రేలితో మంద్రపు తీగలపై పాట వరుసను పలికించుచు, తక్కిన వ్రేళ్లతో లయను నడపెడిది. ఆ ప్లేట్లు ఆమె యెన్నడును చూడని యిండ్లకు పోయినవి. ఆ యిండ్లలోని పిల్లలకు ఆమె గురువైనది. వారు తన శిష్యులని ఆమెకు తెలియదు.

అట్టి శిష్యులలో ఒకడు డాక్ వాట్సను. ఆయన 1923 లో ఉత్తర కారొలైనా రాష్ట్రపు కొండసీమలో పుట్టి, రెండేండ్లు నిండక మునుపే కంటిజబ్బుతో చూపు పోగొట్టుకొనెను. బాల్యమున ఎరువు తెచ్చిన గిటారును తడవుచుండగా తండ్రి విని, తాను పనినుండి తిరిగి వచ్చులోగా ఒక పాట నేర్చుకొన్నచో స్వంత గిటారు కొనియిత్తునని మాట యిచ్చెను. బాలుడు కార్టరు కుటుంబము పాడిన పాటనే నేర్చుకొనెను. తండ్రి మాట నిలుపుకొనెను. యౌవనమున, 1950 తరువాతి యేండ్లలో, ఆయన ఒక నృత్యబృందములో చేరెను. ఆ బృందమున ఫిడేలు వాయించువాడు లేడు. నృత్యము చేయువారికి మాత్రము ఫిడేలు వరుసలే కావలెను. విధిలేక డాక్ వాట్సను ఆ వడిగల వరుసలను బిళ్లతో గిటారుపై పలికింప నేర్చెను. 1960 తరువాత సభలలో విద్యుచ్ఛక్తి లేని కొయ్య గిటారుపై వానిని వినిపింపగా శ్రోతలు విస్మయమందిరి. 2012 లో ఆయన మరణించునాటికి, వెనుక నుండిన గిటారు ముందుకు వచ్చి అర్ధశతాబ్ది దాటినది.

పెద్దలారా, నా మాటలో మొదటి సగము కూలిపోయినది ఇచ్చటనే. ఈ విద్యకు పెద్దదిక్కుగా ఎన్నబడువాడు ఎవరి చేతిని కంట చూచి నేర్చినవాడు కాడు. గ్రామఫోనును, రేడియోను విని నేర్చెను. గురువు ఎదుటలేనంత మాత్రమున విద్య రాదనుట అసత్యము.

ఆయన ప్లేట్లను విన్న పడుచువారు తామును నేర్వగోరిరి. కాని ఆ వేగము చెవికి చిక్కలేదు. అప్పటి దీర్ఘకాలపు ప్లేటు నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు పైగా తిరుగును. కొన్ని యంత్రములపై పదునారు చుట్ల వేగము కూడ ఉండెడిది. ఆ మీటను త్రిప్పినచో పాట సగము వేగమున నడచును. శ్రుతి మాత్రము ఒక స్థాయి క్రిందికి దిగును. స్థాయి దిగినను స్వరములు అవియే గదా! శిష్యులు గంటలకొలది ముల్లును ఎత్తి పెట్టుచు, ఒక్కొక్క పంక్తిని అట్లు పట్టుకొనిరి. 1967 లో హ్యాపీ ట్రామ్ దంపతులు న్యూయార్కు రాష్ట్రమునుండి టేపులపై పాఠములు పంపు సంస్థను నెలకొల్పిరి. ఏ తీగపై ఏ మెట్టున వ్రేలుంచవలెనో అంకెలతో చూపు వ్రాత కూడ ప్రచారములోనికి వచ్చెను. ఇదియు క్రొత్తది కాదు. 1507 లోనే వెనిస్ నగరమున లూట్ అను వాద్యమునకై అట్టి పుస్తకమును అచ్చువేసిరి. 1972 నుండి కాన్సాస్ రాష్ట్రపు విన్‌ఫీల్డు పట్టణమున ఈ విద్యలో ఏటేట పోటీలు సాగినవి. పిదప వీడియో క్యాసెట్లు, 2005 లో యూట్యూబు, అటుపిమ్మట ఇంటర్నెట్టు పాఠశాలలు వచ్చినవి.

ఒక్కొక్క సాధనము ఒకటి యిచ్చి వేరొకటి దాచినది. ప్లేటు నాదమునిచ్చి చేతిని దాచెను. అంకెల వ్రాత చోటును చూపి నడకను దాచెను. వీడియో చేతిని చూపినది గాని, చూచువాని చేతిని తాను చూడదు. ఏకలవ్యుని మట్టిబొమ్మ కూడ తప్పు దిద్దలేదు. తన తప్పును తానే దిద్దుకొనగల పట్టుదల వానికుండెను. అందరును ఏకలవ్యులు కారు. ఈ కొరత తెలిసియే కాబోలు, కొన్ని ఇంటర్నెట్టు పాఠశాలలలో శిష్యుడు తాను వాయించినదానిని పటముపట్టి పంపగా, గురువు చూచి, తప్పులు చెప్పుచు బదులు పటము పంపు పద్ధతి నేర్పరచిరి. బ్రయన్ సట్టన్ అను ప్రసిద్ధ వాదకుడు ఇట్లే నేర్పుచున్నాడు. తప్పు దిద్దువాడు ఉండవలెనను నా మాటలోని రెండవ సగము ఇందువలన నిలిచినది.

ఇంత తెలిసిన పిదప నేను మనుమని గది తలుపు తట్టితిని. “ఏదీ, వాయించు” మంటిని. వడిగా వాయించి, మూడవ పంక్తిలో తడబడెను. మరల వాయించి, అచ్చటనే తడబడెను. విచారింపగా, వాడు నలువది పాఠములు మొదలుపెట్టి ఒక్కటియు ముగింపలేదు. “మొదటి కాలములో వాయించు” మంటిని. “తాతయ్యా, మెల్లగా వాయిస్తే పాటలాగ ఉండదు” అనెను. “సరళీవరుసలు మూడు కాలములలో ఎందుకు సాధన చేయింతురో తెలియునా? మొదటి కాలమున దాగని తప్పు మూడవ కాలమున దాగును” అంటిని.

నాటినుండి ఒక నియమ మేర్పరచుకొంటిమి. ఒక్కటే పాట. ముందు ఐదు నిమిషములు ఒకే తీగపై కుడిచేతి సాధన, క్రిందికి పైకి. తరువాత పది నిమిషములు తడబడు చోటు మాత్రమే, నిమిషమునకు అరువది దెబ్బల లయలో. పిమ్మట పాట మొదటినుండి కడవరకు ఒక్కమారు, ఆగకుండ. వరుసగా మూడుమారులు తప్పు రాకున్నచో మరునాడు నాలుగు దెబ్బలు పెంచుట. వచ్చెనా, నాలుగు తగ్గించుట. వాయించినదానిని ఫోనులోనే పట్టి, మరునాడు ఉదయమున విని, తప్పును వాడే చెప్పవలెను. వాని కోరికపై లయ వేయుట నా పని. లోహపు గడియారపు లయకంటె నా చేతి దెబ్బ వానికి నచ్చినది. వాడు మహావాదకుడైనాడని చెప్పను. మూడవ పంక్తి ఇప్పటికిని కొన్ని దినములు వానిని వేధించును. కాని గది తలుపు మాత్రము ఇప్పుడు మూయుట లేదు.

“గిటారు తెలియని నీవు వానికేమి దిద్దగలవు?” అని మీరడుగవచ్చును. పాలకొల్లున 1969 లో పుట్టి, బిళ్లతో మీటు మాండొలినును కర్ణాటక సంగీత సభలలో నిలిపిన ఉప్పలపు శ్రీనివాసును మీరెరుగుదురు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట తెలియదు. ఆయన పాడెను; బాలుడు విని వాయించెను. గురువునకు ఆ వాద్యము రాకున్నను చెవి కలదు.

మనకు భజనలలో తాళము వేసిన చేతులున్నవి, అపస్వరము విన్నంతనే ముడిపడు కనుబొమలున్నవి. మీ యిండ్లలోను ఏ పిల్లవాడో, ఏ పిల్లయో తలుపు మూసికొని దూరపు గురువు నొద్ద ఏదియో నేర్చుచుండవచ్చును. ఆ గురువు చేయి చూపును. ప్రక్కన కూర్చుండి వినుట, “మరల మెల్లగా” అనుట ఆయన వలన కాదు. ఆ పని మనది.