యంత్రం వ్రాసిన ఉత్తరాలు

మొన్న పాత బీరువా సర్దుతుండగా చెడిపోయిన హార్డ్‌డిస్కు ఒకటి చేతికి తగిలింది, దానితోపాటు ఒక పాత దుఃఖమూను. ఆ కథ చెప్పేముందు కొంత తపాలా చరిత్ర చెప్పుకోక తప్పదు. పంతులు బుద్ధి, మిత్రులు మన్నించాలి.

ఉత్తరదేశంలో డాక్ అనే దానిని మన దక్షిణాదిని టపా అన్నారు, తప్పాల్ అన్నారు. పేరేదైనా దాని ప్రాణం వంతులో ఉన్నది. 14వ శతాబ్దంలో వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, మహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుబడిలోని కాలినడక టపాను వర్ణించాడు. మైలుకు మూడు మజిలీలు. వార్తాహరుడు ఒక చేత ఉత్తరము, ఒక చేత రాగి గజ్జెలు కట్టిన కర్ర పట్టి పరుగెత్తేవాడు. గజ్జెల సవ్వడి వినగానే తరువాతి మజిలీవాడు నడుము బిగించి నిలిచేవాడు. గుర్రపు టపాకన్న ఇదే వేగవంతమని అతడు వ్రాశాడు. దౌలతాబాదులో ఉన్న సుల్తానుకు గంగాజలం కూడ ఇట్లే చేరేదట!

మా ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. హైదరాబాదు సంస్థానం 1869లో సొంత తపాలా బిళ్ళలు వేసింది. అవి సంస్థానం లోపలి ఉత్తరాలకే చెల్లేవి, పొలిమేర దాటితే చెల్లవు. ఆ ఏర్పాటు 1950లో భారత తపాలాలో కలిసిపోయింది. లోపలి ఉత్తరం వేరు, బయటికి పోయే ఉత్తరం వేరు అన్న ఈ భేదాన్ని గుర్తుంచుకోండి, ముందు అక్కరకు వస్తుంది.

ఈమెయిలును మనవాళ్ళు వేగు అన్నారు. గూఢచారి వాసన కొంత ఉన్నా నాకా మాట ఇష్టమే. 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి వేగు పంపాడు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ అనే మర్యాదను గ్రంథస్థం చేశాడు. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ ఆ మర్యాదను యంత్రాలకు నేర్పింది. ఆ కాలంలో ఏ సర్వరైనా ఎవరి ఉత్తరాన్నైనా అందుకొని ముందుకు సాగనంపేది. దారిన పోయే వారందరికీ తలుపు తీసే సత్రం వంటిది. పేరు అడిగేవారు లేరు, ఊరు అడిగేవారు లేరు. చివరకు అంగడి ప్రకటనల మూకలు ఆ సత్రాలలో చేరి, పరుల ఖర్చుతో లక్షల ఉత్తరాలు పంపసాగాయి. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 నుంచి, అనుమతి ఇస్తే తప్ప అపరిచితుల ఉత్తరాన్ని మోయకపోవడమే సహజ నియమమైంది. సత్రాలు మూతపడినందుకు విచారించాలో సంతోషించాలో నాకు నేటికీ తేలలేదు.

ఇక నా కథ. 2011లో నేను పనిచేస్తున్న బడిలో ఒక కంప్యూటరు ఉండేది. పూర్వవిద్యార్థి ఒకడు దానిలో లినక్సు పెట్టి ఇచ్చాడు. భూపాలపల్లి చుట్టుపట్ల ఊళ్ళ పేర్ల వెనుక కథలను ముసలివారి నోట విని, రెండేళ్ళపాటు సాయంత్రాలు కూర్చుని దానిలో ఎక్కించాను. మరొక ప్రతి తీయలేదు. ఒకనాడు అది తెరుచుకోలేదు. డిస్కు పోయింది.

ఆ కుర్రవాడు వచ్చి, ఎట్లో తంటాలు పడి కొన్ని ఫైళ్ళు వెలికితీశాడు. కథలు రాలేదు. కాని రూట్ పేర ఒక తపాలాపెట్టె బయటపడింది. నిండా ఉత్తరాలు!

"సార్, ఇది మూడు నెలలుగా మీకు చెబుతూనే ఉన్నది. డిస్కు చెడిపోతున్నదని రోజూ వ్రాసింది" అన్నాడు.

యంత్రం తనలో తాను పుట్టించుకునే వేగులు అట్టివి. రాత్రివేళ నడిచే పనులు, డిస్కును కనిపెట్టే ప్రోగ్రాములు యజమాని పేర వ్రాస్తాయి. దారి చూపనంతకాలం అవి సంస్థానం లోపలి ఉత్తరాలే, పొలిమేర దాటవు. దాటించాలంటే రూట్ పేరును మన అసలు చిరునామాకు ముడివేయాలి. ఆపైన పోస్ట్‌ఫిక్స్ అమరికలో రిలేహోస్ట్ అన్నచోట పై మజిలీ సర్వరు పేరు వ్రాయాలి, దానికి మన గుర్తింపు, సంకేతపదం ఇవ్వాలి. ఇంటి యంత్రం తానుగా గడప దాటి పెద్ద సర్వర్ల తలుపు తట్టితే తరచు లోనికి రానీయవు. పైగా పంపినవారి పేరు లోకల్‌హోస్ట్ అని ఉంటే, ఊరూపేరూ లేని ఉత్తరమని తిప్పికొడతాయి. అందుచేత మైఆరిజిన్ అన్నచోట నిజమైన డొమైను పేరు పెట్టాలి. మైనెట్‌వర్క్స్ అన్నచోట మాత్రం మన యంత్రాన్నే ఉంచాలి, లోకాన్నంతా చేర్చితే మళ్ళీ ఆ పాత సత్రమే అవుతుంది. ఇదంతా ఆ కుర్రవాడు పక్కన కూర్చుని చేయిస్తే నేర్చుకున్నాను. గురుశిష్యుల స్థానాలు ఆ పూట తారుమారైనవి.

ఇప్పుడు ఇంట్లోని యంత్రం ప్రతి శుక్రవారం నా ఫోనుకు ఒక వేగు పంపుతుంది, డిస్కు క్షేమమని. ఏ శుక్రవారమైనా రాకపోతే లేచి చూస్తాను.

పోయిన కథలను మళ్ళీ సేకరించబోయాను. కొన్ని దొరికాయి. ఘనపురం వైపు ఒక అవ్వ చెరువు పేరు గురించి చెప్పిన కథ కోసం వెళ్ళేసరికి ఆమె లేదు. ఇంటివారికి అది తెలియదు. నాకు సగమే జ్ఞాపకం ఉన్నది.