మఠంలో హత్య, న్యాయ విచారణ: ‘కాడ్‌ఫైల్’ నుంచి ‘షార్డ్‌లేక్’ దాకా

క్రైస్తవ సన్యాసుల మఠంలో హత్య జరగడం, ఆ మఠానికే చెందిన సన్యాసి గానీ బయటి నుంచి వచ్చిన అధికారి గానీ దాని గుట్టు విప్పడం అనే ఇతివృత్తానికి టెలివిజన్‌లో స్థిరమైన స్థానం కల్పించిన ధారావాహిక ‘కాడ్‌ఫైల్’. 1994 మే నెలలో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలై 1998 వరకు నాలుగు విడతలుగా, మొత్తం 13 భాగాలుగా ప్రసారమైన ఈ ధారావాహికకు ముందు రెండు శతాబ్దాల సాహిత్య నేపథ్యం ఉంది, దాని తరవాత మరి రెండు ముఖ్యమైన ధారావాహికలు వచ్చాయి. వీటిని కాలక్రమంలో పరిశీలిస్తే, హంతకుడెవరన్నది తేల్చడంతోనే ఇటువంటి కథ ముగిసిపోదనీ, నిజం తెలిసిన తరవాత శిక్షించే అధికారం ఎవరిది, క్షమించే అధికారం ఎవరిది అన్న ప్రశ్నే ఈ కథలన్నిటికీ ఆయువుపట్టు అనీ స్పష్టమవుతుంది.

నేరపరిశోధన కథకు మఠం అనువుగా కుదరడానికి మూలం అక్కడి జీవన విధానంలోనే ఉంది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే సాధువు సన్యాసుల కోసం 73 అధ్యాయాల నియమావళిని రచించాడు. దాన్ని పాటించే వారిని బెనెడిక్టైన్లు అంటారు. నడిరాత్రి ప్రార్థన నుంచి నిద్రకు ముందు చేసే ప్రార్థన దాకా రోజంతా నిర్ణీత వేళలుగా విభజించి ఉంటుంది కాబట్టి, ఏ వేళకు ఏ సన్యాసి ఎక్కడ ఉండాలో అందరికీ తెలుసు. ప్రార్థనలో ఎవరి స్థానం ఖాళీగా ఉన్నా పక్కవాడి కంట పడక తప్పదు. సన్యాసులంతా రోజూ సమావేశమయ్యే చాప్టర్ హౌస్ అనే మందిరంలో నియమావళి నుంచి ఒక అధ్యాయం చదివిన తరవాత ఎవరి తప్పులు వారు ఒప్పుకునే ఆచారం ఉండేది. ఆ విధంగా విచారణ, ఒప్పుకోలు, శిక్ష అనే మూడూ మఠంలో నిత్యకృత్యాలే కావడం వల్ల, హత్య జరిగినప్పుడు రచయిత కొత్తగా న్యాయస్థానాన్ని కల్పించవలసిన పని లేదు.

అయినా తొలి దశలో ఇంగ్లిష్ రచయితలు మఠాన్ని చూసిన తీరు వేరు. 1796లో మాథ్యూ లూయిస్ రాసిన ‘ది మంక్’, మరుసటి ఏడు ఆన్ రాడ్‌క్లిఫ్ ప్రచురించిన ‘ది ఇటాలియన్’ వంటి గోతిక్ నవలలలో, అంటే భయోత్పాతమే ప్రధానరసంగా సాగే రచనలలో, మఠం చీకటి సొరంగాలకూ కపట సన్యాసులకూ నెలవు. ఇంగ్లండ్‌లో ప్రొటెస్టెంట్ సంప్రదాయం వేళ్లూనుకున్న తరవాత కాథలిక్ మఠాల పట్ల తరతరాలుగా పేరుకున్న అనుమానం ఈ చిత్రణకు ఊపిరి పోసింది. ఆ ధోరణిని తిరగవేసినవాడు జి. కె. చెస్టర్టన్. 1911లో పుస్తకంగా వెలువడిన ఆయన తొలి సంపుటిలోని ఫాదర్ బ్రౌన్ మఠవాసి కాడు, సామాన్య కాథలిక్ గురువు. కానీ పాపసంకీర్తనం వినీ వినీ మనిషి మనసులోని చీకటి మూలలన్నీ ఎరిగినవాడు కావడం వల్లనే నేరస్థుణ్ణి పోల్చుకోగలుగుతాడు. మతగురువు అనుమానితుడి స్థానం నుంచి పరిశోధకుడి స్థానానికి మారడం ఈ శాఖలో మొదటి పెద్ద మలుపు.

రెండో మలుపు 1977లో ఎలిస్ పీటర్స్ అనే కలం పేరుతో ఈడిత్ పార్గెటర్ రాసిన ‘ఎ మార్బిడ్ టేస్ట్ ఫర్ బోన్స్’ నవలతో వచ్చింది. 1913లో ష్రాప్‌షైర్‌లో పుట్టి, జీవితమంతా ఆ ప్రాంతాన్నే అంటిపెట్టుకుని ఉన్న ఆమె, యౌవనంలో ఒక మందుల దుకాణంలో సహాయకురాలిగా పనిచేసింది. అక్కడ అబ్బిన ఔషధ పరిజ్ఞానమే తరవాతి కాలంలో మూలికా వైద్యుడైన సన్యాసి పాత్రకు పనికివచ్చింది. వేల్స్‌లో పుట్టి, మొదటి క్రూసేడ్‌లో సైనికుడిగా పోరాడి, నావికుడిగా సముద్రాలు తిరిగి, నడివయసులో సన్యాసం పుచ్చుకున్న బ్రదర్ కాడ్‌ఫైల్ ఆమె సృష్టి. అతడి కథలు 20 నవలలుగా, ఒక కథల సంపుటిగా వెలువడ్డాయి. చివరి నవల 1994లో వచ్చింది, మరుసటి ఏడు అక్టోబరులో రచయిత్రి మరణించింది.

ఈ నవలల బలం కల్పనను చరిత్రతో పెనవేసిన తీరులో ఉంది. కథాస్థలమైన ష్రూస్‌బరీ మఠం 1083లో నార్మన్ ప్రభువు రోజర్ డి మాంట్‌గామరీ స్థాపించిన నిజమైన బెనెడిక్టైన్ మఠం. కథలలో గర్విష్ఠిగా కనిపించే ప్రయర్ రాబర్ట్ కూడా చరిత్రలో ఉన్నవాడే. ప్రయర్ అంటే మఠాధిపతి తరవాతి హోదా గల సన్యాసి. 1138లో వేల్స్‌లోని గ్విథరిన్ గ్రామం నుంచి వినిఫ్రెడ్ అనే సాధ్వి అస్థికలను ష్రూస్‌బరీకి తరలించింది అతడే, ఆమె చరిత్ర రాసిందీ అతడే. మహిమగల అస్థికలు ఉన్న మఠానికి యాత్రికులు, కానుకలు, పలుకుబడి వచ్చి చేరే ఆ కాలంలో, తమ గ్రామదేవతలా కొలుచుకునే సాధ్విని పరాయివారికి అప్పగించడానికి గ్రామస్థులు ఒప్పుకోకపోతే ఏమవుతుందన్న ఊహలోంచి మొదటి నవలలోని హత్య పుట్టింది. నేపథ్యంలో నడిచే అంతర్యుద్ధం కూడా చరిత్రే: 1135లో మొదటి హెన్రీ మరణించాక ఆయన కుమార్తె మాడ్, మేనల్లుడు స్టీఫెన్ సింహాసనం కోసం దాదాపు రెండు దశాబ్దాలు పోరాడారు. 1138లో ష్రూస్‌బరీ కోటను పట్టుకున్న స్టీఫెన్ అక్కడి సైనికులను ఉరితీయించాడు. ఆ శవాలకు అంత్యక్రియలు జరపబోయిన కాడ్‌ఫైల్ లెక్కకు 94కు బదులు 95 రావడమే రెండో నవల ‘వన్ కార్ప్స్ టూ మెనీ’కి బీజం. రాజు చేయించిన 94 చావులు చట్టబద్ధం, వాటి మధ్య దాచిన ఒక్క చావు హత్య అన్న ఈ అమరికలో రచయిత్రి నైతిక దృష్టి అంతా ఇమిడి ఉంది.

అదే కాలంలో ఇటలీలో ఈ ఇతివృత్తం మరో దారి పట్టింది. మధ్యయుగ చరిత్రను లోతుగా అధ్యయనం చేసిన ఉంబెర్టో ఎకో 1980లో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ ప్రచురించాడు. 1327లో ఉత్తర ఇటలీలోని ఒక మఠంలో ఏడు రోజులపాటు జరిగే వరుస మరణాలను విలియం అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, శిష్యుడు ఆడ్సో తోడుగా పరిశోధిస్తాడు. సన్యాసులకు ఆస్తి ఉండవచ్చునా అన్న విషయంలో ఫ్రాన్సిస్కన్లకూ పోపుకూ నాడు నడుస్తున్న వివాదం, చక్రవ్యూహంలాంటి గ్రంథాలయం, నవ్వును సమర్థించే గ్రంథం ఎవరికీ చిక్కకూడదని దాని పుటలకు పూసిన విషం ఈ కథకు ఆధారాలు. 1986లో జాన్ జాక్ ఆనో దీన్ని సినిమాగా తీసినప్పుడు విలియంగా షాన్ కానరీ నటించాడు. పార్గెటర్ మఠంలో హత్యకు కారణం భూమి, ప్రేమ, కీర్తికాంక్ష అయితే, ఎకో మఠంలో జ్ఞానాన్ని తమ గుప్పిట్లో ఉంచుకోవాలన్న పట్టుదలే హత్యకు పురికొల్పుతుంది.

టెలివిజన్ మొదట ఎంచుకున్నది పార్గెటర్ దారిని. డెరెక్ జాకబీ కాడ్‌ఫైల్‌గా, టెరెన్స్ హార్డిమన్ మఠాధిపతి రాడుల్ఫస్‌గా, మైకేల్ కల్వర్ ప్రయర్ రాబర్ట్‌గా నటించిన ఈ ధారావాహిక చిత్రీకరణ ఇంగ్లండ్‌లో కాక హంగరీలో, బుడాపెస్ట్ పరిసరాలలో జరిగింది. 1540లో మఠం రద్దయ్యాక ష్రూస్‌బరీలో ప్రార్థనాలయం మాత్రం సాధారణ చర్చిగా మిగిలింది, మఠం ఉన్న నేల మీదుగా 19వ శతాబ్దంలో రోడ్డు పడింది. అందువల్ల బురద వీధులు, కొయ్య ఇళ్లు, మఠ ప్రాంగణం కలిసిన 12వ శతాబ్దపు పట్టణాన్ని వేరేచోట కట్టుకోవలసి వచ్చింది. ఆ నిర్మాణంలో కథకు కేంద్రం కాడ్‌ఫైల్ మూలికల కుటీరం. వాసాలకు వేలాడే ఎండుమూలికల కట్టలు, నూనెల జాడీలు, పొయ్యి మీద మరిగే కషాయం మధ్య అతడు గాయాన్ని పరీక్షించే ఓర్పుతోనే మనుషులనూ పరీక్షిస్తాడు.

‘మాంక్స్ హుడ్’ కథలో ఆ కుటీరమే నేరానికి మూలమవుతుంది. ఆయుర్వేదంలో వత్సనాభిగా తెలిసిన విషమూలికల జాతికి చెందిన మొక్క వేరుతో, కీళ్లనొప్పులకు పైపూతగా కాడ్‌ఫైల్ తయారుచేసిన తైలాన్ని ఎవరో బొనెల్ అనే భూస్వామి భోజనంలో కలుపుతారు. జీవితాంతం ఆశ్రయమిచ్చే షరతు మీద తన ఆస్తిని మఠానికి రాసివ్వబోతున్న బొనెల్, ఒకప్పుడు కాడ్‌ఫైల్ పెళ్లాడతానని మాటిచ్చిన రిచిల్డిస్‌కు భర్త. హంతకుడు మ్యూరిగ్ అతడి అక్రమ సంతానం. ఆ భూమి వేల్స్ పరిధిలోకి వస్తుంది కాబట్టి, తండ్రి తన బిడ్డగా ఒప్పుకున్న వాడికి వెల్ష్ చట్టం ప్రకారం వారసత్వపు హక్కు ఉంది. కత్తి దూసి కూడా తనను చంపలేకపోయిన మ్యూరిగ్‌ను నవలలోని కాడ్‌ఫైల్ ఉరికంబానికి అప్పగించడు. బతికినంత కాలం ఇతరులకు మేలు చేస్తూ ఉండాలన్న ప్రాయశ్చిత్తం విధించి వదిలేస్తాడు. ‘ది శాంక్చువరీ స్పారో’లో నడిరాత్రి ప్రార్థన సాగుతుండగా, దోపిడీ నేరం మోపబడి మూక తరుముకొస్తున్న ఒక వీధిగాయకుడు లోపలికి దూసుకువచ్చి పూజాపీఠాన్ని కరచుకుంటాడు. చర్చిలో శరణు పొందినవాణ్ణి 40 రోజులు ఎవరూ ముట్టుకోరాదన్న ఆచారాన్ని ఆధారం చేసుకుని మఠాధిపతి మూకకు అడ్డు నిలుస్తాడు. రాజచట్టానికి ప్రతినిధిగా షెరీఫ్ హ్యూ బెరింగర్, దైవధర్మానికి ప్రతినిధిగా కాడ్‌ఫైల్ స్నేహితులుగానే ఉంటూ, ఒకరి హద్దును మరొకరు గౌరవించడం ఈ కథలకు గంభీరతనిచ్చింది.

అయితే తెరకెక్కినవి 20 నవలలలో 13 మాత్రమే, అవి కూడా వరుస తప్పి వచ్చాయి. వినిఫ్రెడ్ అస్థికల పెట్టెలో నిజంగా ఏముందన్న రహస్యం మొదటి నవలలో మొదలై తరవాతి కథలకు పునాదిగా నిలుస్తుంది కాబట్టి, దాన్ని రెండో విడతలో చూపించడం వల్ల కాడ్‌ఫైల్ మోసే ఆ గుట్టు బరువు ప్రేక్షకుడికి పూర్తిగా అందలేదు. ఈ లోటు ఉన్నా, సన్యాస జీవితాన్ని హేళన చేయకుండా, మరీ ఆకాశానికెత్తకుండా చూపించిన ఘనత ఈ ధారావాహికకు దక్కుతుంది.

2019లో ఇటలీ ప్రభుత్వ ప్రసారసంస్థ రాయ్, ఎకో నవలను జాకొమో బత్తియాతో దర్శకత్వంలో ఎనిమిది భాగాలుగా తెరకెక్కించింది. జాన్ టర్టురో విలియంగా, రూపర్ట్ ఎవరెట్ మతవిచారణాధికారి బెర్నార్డ్ గీగా నటించారు. గీ చరిత్రలో ఉన్న వ్యక్తి. మతధిక్కారాన్ని వెతికి శిక్షించడం అతడి ఉద్యోగం. సినిమాలో ఇమడని వేదాంత వివాదాలకు ఇక్కడ చోటు దొరికింది గానీ, నవలలో లేని అన్నా అనే యువతి పగ కథను చేర్చడం వల్ల దృష్టి పలుమార్లు మఠం గోడలు దాటి, ఏడు రోజుల బిగువు సడలింది.

మూడో ధారావాహిక రాజ్యం మఠాన్నే రద్దు చేసిన కాలానికి చెందినది. సి. జె. శాన్సమ్ 2003లో రాసిన ‘డిసొల్యూషన్’ ఆధారంగా ‘షార్డ్‌లేక్’ 2024 మే 1న డిస్నీ ప్లస్‌లో నాలుగు భాగాలుగా విడుదలైంది; రచయిత అంతకు నాలుగు రోజుల ముందే కన్నుమూశాడు. 1536, 1540ల మధ్య ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం దాదాపు 800 మఠాలను మూసివేసి ఆస్తులు స్వాధీనం చేసుకుంది. ఆ పనిని నడిపిన థామస్ క్రామ్‌వెల్ పంపిన అధికారి 1537లో స్కార్న్‌సీ అనే కల్పిత మఠంలో తల తెగి చనిపోతే, గూని ఉన్న న్యాయవాది మాథ్యూ షార్డ్‌లేక్ విచారణకు వస్తాడు. శారీరక వైకల్యం ఉన్న నటుడు ఆర్థర్ హ్యూస్‌కే ఈ పాత్ర ఇవ్వడం మెచ్చుకోదగినది. ఈ మత సంస్కరణను మనసారా నమ్మి వచ్చిన షార్డ్‌లేక్‌కు, నవలలో చివరికి తన ప్రభువు అధికారమే కల్పిత నేరారోపణల మీద నిలిచిందని తెలుస్తుంది. కాడ్‌ఫైల్ కాలంలో శరణాగతుణ్ణి కాపాడిన గడప దగ్గరే, నాలుగు శతాబ్దాల తరవాతి ఈ కథలో రాజ్యం తాళం వేయడానికి నిలబడింది.

ఈ పరిణామాన్ని మొత్తంగా చూస్తే, మఠం మొదట అనుమానానికీ, తరవాత కరుణకూ, ఆపైన జ్ఞానం మీద ఆధిపత్యానికీ, చివరకు రాజ్యాధికారానికీ విచారణ వేదికగా మారిందని చెప్పవచ్చు. ఎకో కథలో విలియం రహస్యాన్ని ఛేదించినా గ్రంథాలయాన్ని కాపాడలేకపోతాడు, షార్డ్‌లేక్ హంతకుణ్ణి కనిపెట్టినా మఠాన్ని నిలపలేకపోతాడు. నిజం తెలుసుకోవడమూ దాన్ని మనుషుల మేలుకు వినియోగించడమూ రెండూ సాధించినవాడు కాడ్‌ఫైల్ ఒక్కడే. శిక్షతోనే న్యాయం పూర్తయిందనిపించే నేరకథలు లెక్కకు మిక్కిలిగా వస్తున్న టెలివిజన్‌లో, తప్పు చేసినవాడు తిరిగి మంచివాడిగా బతకడానికి దారి చూపడం కూడా పరిశోధకుడి బాధ్యతేనని నిలబెట్టినందువల్ల ఆ పాత ధారావాహిక ఈ శాఖలో తలమానికంగా నిలిచింది. పార్గెటర్ నవలలలో తెరకెక్కని ఏడింటికి పూనుకునే వారెవరైనా మొదట నేర్చుకోవలసినది ఆ దృష్టినే.