కోనేటిలో బతికిపోయిన ఎరుపు

మా ఇంటి తొట్టిలోని గోల్డ్ ఫిష్‌కు వేళకు మేత అందుతుంది. అయినా రోజంతా అడుగున గులకరాళ్లు కెలుకుతూనే ఉంటుంది. ఒక రాయిని నోట్లోకి పీల్చుకుని, కాసేపు అటూ ఇటూ దొర్లించి, తుప్పున ఉమ్మేస్తుంది. మళ్లీ ఇంకోటి. బురదలో పురుగుల కోసం తడుముకున్న తాతల అలవాటు అది. వెయ్యేళ్ల రాజభోగం కూడా దాన్ని మాన్పించలేకపోయింది.

ఆ తాతల ఒంటిమీద బంగారం లేదు. చైనాలో యాంగ్జీ నది దిగువ ప్రాంతపు కుంటల్లో, కాలవల్లో తిరిగే మట్టిరంగు చేపలు అవి. అక్కడివాళ్లు ‘జీ’ అంటారు. వండుకు తినే చేపే, చూడ్డానికి ఏమీ ఉండదు. మన చేపల చెరువుల్లో ‘బంగారు తీగ’ అని పిలిచే కామన్ కార్ప్‌దీ ఇదే కుటుంబం. తేడా తెలియాలంటే మూతి చూడండి. బంగారు తీగకు మీసాలుంటాయి, దీనికి ఉండవు.

ఈ మట్టిరంగు చేపల్లో ఎప్పుడో ఒకటి ఎర్రగా తేలుతుంది. చర్మంలో నలుపు కణాలు పోయి, వాటి చాటున ఉన్న పసుపు, ఎరుపు బయటపడతాయి. చైనా రాతల్లో ఎర్ర పొలుసుల చేపల ప్రస్తావన జిన్ వంశం నాటి నుంచీ, అంటే 3–5 శతాబ్దాల నుంచీ ఉంది. అయితే వాగులో ఎర్రగా ఉండడమంటే కొంగకు కబురు పెట్టడమే. అలాంటి చేప పిల్లల్ని కనేదాకా బతకడమే గగనం.

దాన్ని కాపాడింది అందం కాదు, పుణ్యం. పట్టుబడిన జీవాన్ని కొని నీళ్లలో వదిలేయడం బౌద్ధుల ఆచారం. తాంగ్ వంశ కాలానికి (618–907) అందుకోసమే గుళ్ల దగ్గర కోనేళ్లు ఉండేవి. వలలో ఎర్ర చేప పడితే దాన్ని కోయడానికి చెయ్యి రాదు కదా! పులుసులోకి పోవాల్సింది కోనేట్లో పడింది. అక్కడ వల లేదు, గాలం లేదు, పైగా భక్తులు విసిరే మేత. ఎర్రదానికి ఎర్రది జత దొరికింది. పెంచాలని ఎవరూ అనుకోకుండానే పెంపకం మొదలైంది.

హాంగ్‌జౌ నగరంలో లియుహె పగోడా వెనక కొలనులో బంగారు చేపలుండేవని 11వ శతాబ్దపు కవి సూ షి కాలానికే ప్రసిద్ధి. వందేళ్లలో అవి గుడి గోడ దాటి కోటలోకి వెళ్లాయి. 1162లో గద్దె దిగిన గావోజాంగ్ చక్రవర్తి ఆ నగరంలోనే తన నివాసంలో వీటికోసం కొలను తవ్వించుకున్నాడు. రాజుకు నచ్చాక అధికారులు ఊరుకుంటారా? పెంచిపెట్టేవాళ్లకు అదొక వృత్తి అయింది.

ఆ వృత్తిగాళ్ల గురించి 13వ శతాబ్దం మొదట్లో యూ కె అనే రచయిత రాసిన నాలుగు ముక్కలు నాకు మహా ఇష్టం. చేపను బంగారు రంగులోకి ఎలా మారుస్తారని అడిగితే వాళ్లు నోరు విప్పలేదట. బజారు మురుగుకాలవల్లోని ఎర్ర పురుగుల్ని నూరు రోజులు మేపితే చాలు, చేప ముందు వెండిలా తెల్లబడి, ఆనక పసుపు తిరిగి బంగారమవుతుందని బయట మాత్రం చెప్పుకునేవారు. మేత వల్ల ఉన్న ఎరుపు ముదురుతుందే తప్ప లేని ఎరుపు రాదు. అసలు గుట్టు గుడ్లలో ఉంది. వూ షి అనే సేనాని సిచువాన్‌కు తిరిగి వెళ్తూ, తన చేపలకు పరాయి నీళ్లు పడవని మూడు పెద్ద ఓడల్లో సరస్సు నీటిని వెంట తీసుకెళ్లాడని చెప్పిందీ ఈ యూ కె నే.

ఇంతవరకూ మారింది రంగే. ఆకారం మారింది మింగ్ వంశ కాలంలో (1368–1644), చేప కొలను వదిలి గోలెంలోకి వచ్చాక. కొలనులో వంకర నడుము చేప మేతకు వెనకబడి చస్తుంది. గోలెంలో దానికి పోటీ లేదు. నీళ్లు మురిగినా తట్టుకునే ఒళ్లు ముందే ఉంది. మంచు కప్పిన కుంటలో ఆక్సిజన్ అందకపోతే ఒంట్లోని లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా వదిలేసే జాతి ఇది. అక్షరాలా సారా కాచుకుని చలికాలం గడిపేస్తుంది!

1596లో జాంగ్ చియాన్‌ద అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ఎర్ర చేపల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. వేసవిలో చేపల్ని పెద్దమొత్తంలో కొని, పదుల గోలేల్లో పెంచి, నచ్చనివాటిని రోజూ ఏరేస్తూ, నూటికి ఒకటో రెండో మిగుల్చుకోవాలని అందులో సలహా. డార్విన్ ‘ఎంపిక’ సిద్ధాంతం అచ్చు కావడానికి ఇంకా 263 ఏళ్లుంది.

గోలెంలో చేపను పైనుంచే చూస్తాం. పైనుంచి చూస్తే మామూలు తోక సన్నటి గీత. రెండుగా చీలి పరుచుకున్న తోకైతే విప్పిన విసనకర్ర. అందుకే ఆ జంట తోక నిలిచింది. దాని వెనక ఉన్నది కార్డిన్ అనే జన్యువులో ఒక చిన్న తప్పు అని 2014లో జపాన్, తైవాన్ పరిశోధకులు తేల్చారు. మామూలుగా ఆ జన్యువు చెడితే పిండం నిలవడం కష్టం. కానీ ఈ చేపల పూర్వీకుల్లో 1.4 కోట్ల ఏళ్ల కిందట జన్యురాశి మొత్తం రెట్టింపయింది. ఒక ప్రతి చెడినా రెండోది ఆదుకుంది. కళ్లు ఆకాశంకేసి తిరిగిపోయిన రకమూ ఈ పైచూపు ముచ్చటకు పుట్టిందేనని నా అనుమానం. కళ్ల కింద నీటిబుడగల్లాంటి సంచులు వేలాడే రకాన్ని చూస్తే మాత్రం నాకు జాలే తప్ప ముచ్చట కలగదు.

జపాన్‌కు ఇది 1502లో సకాయ్ రేవులో దిగిందని అక్కడివాళ్ల లెక్క. నారా దగ్గరి యమతోకోరియామాలో జీతం చాలని సమురాయ్‌లు కత్తి పక్కన పెట్టి చేపలు పెంచుకున్నారు. ఇంగ్లండులో 1747 నాటికి ఇది పెద్దింటి వస్తువు. రచయిత హొరేస్ వాల్పోల్ పిల్లి చేపకోసం పింగాణీ తొట్టిలోకి వంగి, అందులోనే మునిగి చచ్చింది. దానిమీద కవి థామస్ గ్రే పద్యం కూడా కట్టాడు. ఆ శతాబ్దం ఇంగ్లండులోనూ చూపు పైనుంచే! 1853లో లండన్ జూలో గాజు గోడల మత్స్యశాల తెరిచాక, పక్కనుంచి చూసే అలవాటు జనానికి పట్టుకుంది.

ఇంత చేసినా గుడ్డులోంచి వచ్చే పిల్ల ఇప్పటికీ మట్టిరంగే. వారాలు గడిచాక నలుపు విడిచి, మెల్లగా పసుపు తేలుతుంది. కొన్ని జన్మంతా మారవు. పెంచలేక చెరువుల్లో పారబోసినచోట ఇవి రెండు చేతులా పట్టాల్సినంత పెరిగి, అక్కడి చేపల మేత కాజేస్తున్నాయి. 2021లో అమెరికాలోని బర్న్స్‌విల్ నగర అధికారులు, దయచేసి వదలొద్దని జనాన్ని బతిమాలుకున్నారు. అలాంటి చెరువుల్లో తరాలు గడిచేకొద్దీ ఎర్రవి పలచబడి, మట్టిరంగువి మిగులుతాయి. తొందరపడి నలుపు విడిచిన పిల్లల్ని కొంగలు ముందు ఏరుకుంటాయి.