బ్రిటిష్ మ్యూజియం అచ్చుచిత్రాల సేకరణ

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అచ్చుచిత్రాలకూ రేఖాచిత్రాలకూ కలిపి ఒక విభాగం ఉంది. అందులో 20 లక్షలకు పైగా అచ్చుచిత్రాలు, దాదాపు 50 వేల రేఖాచిత్రాలు ఉన్నాయి. జపాన్ అచ్చుచిత్రాలు ఆసియా విభాగం కిందికి వస్తాయి.

వైద్యుడు హాన్స్ స్లోన్ సేకరణ ఆధారంగా 1753లో మ్యూజియం ఏర్పడింది. 1799లో క్రాచెరోడ్ అనే సంపన్నుడు తన చిత్రాలను మ్యూజియానికి రాసిచ్చాడు. అయినా అచ్చుచిత్రాలకంటూ వేరే శాఖ ఉండేది కాదు. అది ఏర్పడడానికి కారణం ఒక దొంగతనం. వ్యంగ్యచిత్రకారుడు రాబర్ట్ డైటన్ మ్యూజియం అధికారితో స్నేహం చేసుకుని, రాకపోకలు సాగిస్తూ, చిత్రాలు ఎత్తుకుపోయి అమ్ముకునేవాడు. రెంబ్రాంట్ పేరిట ఉన్న ‘గుర్రబండి ప్రకృతిదృశ్యం’ను శామ్యూల్ వుడ్‌బర్న్ అనే వర్తకుడు అతని దగ్గర కొన్నాడు. 1806లో దాన్ని మ్యూజియం ప్రతితో పక్కపక్కన పెట్టి చూడాలని వస్తే, అక్కడ ప్రతే లేదు! ఆ అధికారి ఉద్యోగం పోయింది. దొంగ మాత్రం చిత్రాలు తిరిగి రాబట్టడానికి సహకరించి శిక్ష తప్పించుకున్నాడు. 1808లో అచ్చుచిత్రాలకు ప్రత్యేక సంరక్షణ ఏర్పాటైంది. 1836లో అది స్వతంత్ర విభాగమైంది.

ఒకే చిత్రానికి రెండు మూడు ప్రతులు ఎందుకు దాచాలన్న ప్రశ్న చూసేవారికి సహజంగానే వస్తుంది. దానికి జవాబు ముద్రణ పద్ధతుల్లోనే ఉంది.

అన్నిటికన్నా పాతది చెక్క అచ్చు. గీతలు మాత్రం ఎత్తుగా మిగిలేలా చుట్టూ చెక్కేసి, ఆ ఎత్తులకు సిరా పూసి కాగితం అద్దుతారు. ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1515లో వేసిన ఖడ్గమృగం ఈ పద్ధతికి ప్రసిద్ధ నమూనా. ఆ జంతువు మన దేశానిదే. గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్‌కు కానుకగా ఇస్తే, ఓడలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు. విన్న వర్ణన, ఎవరో పంపిన గీతచిత్రం ఆధారంగా గీశాడు. వీపు మీద లేని కొమ్మొకటి మొలవడం అందువల్లే. అచ్చుకు ముందు సిరాతో గీసిన చిత్రం స్లోన్ సేకరణతో మ్యూజియానికి వచ్చింది. చెక్కిన దిమ్మతో ఏళ్ల తరబడి అచ్చు వేస్తూ పోవడంతో చెక్క పగిలింది. తర్వాతి ప్రతుల్లో ఆ పగులు గీతగా కనిపిస్తుంది. ప్రతి ముందుదో వెనుకదో తేల్చడానికి అదొక ఆధారం.

రాగిరేకు పని చెక్క అచ్చుకు తలకిందులు. ఇక్కడ సిరా గాట్లలో నిలుస్తుంది. పైభాగం తుడిచేసి, తడి కాగితం పరిచి యంత్రంలో గట్టిగా నొక్కితే, కాగితం ఆ సిరాను పైకి లాగుతుంది. ఉలితో నేరుగా చెక్కడం ఎన్‌గ్రేవింగ్. కంసాలి పనితనం నుంచి పుట్టింది. మైనం పూతపై సూదితో గీసి, బయటపడ్డ లోహాన్ని యాసిడ్‌తో తినిపించడం ఎచింగ్. ఇందులో కలం పట్టినంత సులువుగా చెయ్యి కదులుతుంది. రెంబ్రాంట్ దాదాపు 300 చిత్రాలు ప్రధానంగా ఇలాగే వేశాడు.

ఆయన ‘మూడు శిలువలు’ (1653) కథ వేరు. యాసిడ్ లేకుండా సూదితోనే లోహాన్ని గీరే డ్రైపాయింట్ పద్ధతిలో చేశాడు. గీత అంచున లేచే లోహపు గరుకు సిరాను పట్టుకుని మఖమల్‌లాంటి నలుపునిస్తుంది. కొద్ది ప్రతులకే అది అణిగిపోతుంది. రెంబ్రాంట్ తర్వాత అదే రేకును గీకి, సగం బొమ్మలను చీకట్లో కప్పేశాడు. తొలి ప్రతినీ చివరి దశ ప్రతినీ చూస్తే ఒకే రేకు అంటే నమ్మడం కష్టం.

1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ తెచ్చిన మెజోటింట్‌లో రేకంతా గరుకు చేసి, వెలుగు కావలసినచోట నునుపు చేస్తారు. ఆక్వాటింట్‌లో రజనుపొడి చల్లి యాసిడ్ పెట్టడంతో నీటిరంగు పూతలా ఛాయలు వస్తాయి. భారతదేశంలో తిరిగిన థామస్, విలియం డేనియల్‌లు 1795–1808 మధ్య ‘ఓరియంటల్ సీనరీ’లో 144 దృశ్యాలను ఈ పద్ధతిలోనే ప్రచురించారు. 1790ల చివర సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చుకు చెక్కడమే అవసరం లేదు. నూనె, నీరు కలవవన్న సూత్రం మీదే అది నడుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పరంపరకు ఒక తెలుగువాడు కొత్త అధ్యాయం చేర్చాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన ‘అతెలియే 17’ ముద్రణశాలలో చేరాడు. తోటి కళాకారుడు కైకో మోతీతోపాటు విస్కాసిటీ ముద్రణకు రూపమిచ్చినవాళ్లలో ఆయన ఒకడు. రేకును రకరకాల లోతుల్లో చెక్కి, గట్టి రోలరుతో పలచని సిరా పై మట్టానికి, మెత్తని రోలరుతో చిక్కని సిరా కింది మట్టానికి పూస్తారు. నూనె ఎక్కువున్న సిరా చిక్కని సిరాను అంటనివ్వదు. అందువల్ల ఒక్క రేకుతో, ఒక్క నొక్కుతో పలు రంగులు వస్తాయి. అంతకుముందు సాధారణంగా రంగుకో రేకు చేయాల్సి వచ్చేది. సిరా పాళం కాస్త మారితే రంగుల పొందికే మారిపోతుంది.

కాగితానికి వెలుతురు శత్రువు కాబట్టి మ్యూజియం ఈ చిత్రాలను గోడలకు శాశ్వతంగా వేలాడదీయదు. కొన్ని నెలలు ప్రదర్శించి లోపల పెట్టేస్తుంది. ఇలాంటి చిత్రాలను దాచే ప్రత్యేకమైన పెట్టెకు ‘సోలాండర్ పెట్టె’ అని పేరు. కెప్టెన్ కుక్ ఓడలో ప్రయాణించి, ఇదే మ్యూజియంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త డేనియల్ సోలాండర్ పేరు మీద అది వచ్చింది. అధ్యయన మందిరంలో అడిగినవారికి సిబ్బంది ఆ చిత్రాలు తీసి చూపిస్తారు.