మన కాళ్ళ కింది ఏరు

మన కోవూరు చరిత్ర చెప్పమంటే చాలామంది ట్రంకు రోడ్డుతోనో, పడుగుపాడు రైలు స్టేషనుతోనో, చక్కెర ఫ్యాక్టరీతోనో మొదలుపెడతారు. వీటన్నిటికంటే పాత చరిత్ర మన కాళ్ళ కిందే ఉంది. ఈ నేల ఎలా ఏర్పడింది, ఇందులో నీరెలా నిలిచింది, దాన్ని మన పెద్దలు ఎలా వాడుకున్నారు అన్నది తెలిస్తే, రేపటి తరానికి మనం ఏం మిగల్చాలో కూడా తెలుస్తుంది. స్వర్ణోత్సవ సంచికలో ఈ మాట చెప్పుకోవడం సమంజసమని ఈ వ్యాసం రాస్తున్నాను.

పెన్న కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణించి, మన జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 55 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అయినా అందులో ఎక్కువ భాగం అనంతపురం, కడప వంటి వానతక్కువ సీమ. అందుకే పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకమేటగా కనిపించి, వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా వస్తుంది. సోమశిల దగ్గర వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగుతుంది. అక్కడి నుంచి తూర్పుకు వచ్చేకొద్దీ నేల మారుతుంది. మొదట గూడూరు అభ్రకానికి పేరు తెచ్చిన పురాతన శిలల పట్టీ, తర్వాత ఎర్రనేలలు, ఆ తర్వాత మన ఒండ్రు మైదానం. రాతి సీమలో నీరు బండల పగుళ్ళలో దొరికినంతే. మన దగ్గర అలా కాదు. వేల ఏళ్ళుగా ఏరు తెచ్చి పోసిన ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా ఉన్నాయి. ఇసుక పొర నీటిని దాస్తుంది, బంకమట్టి పొర దాన్ని కాపాడుతుంది. విడవలూరు, అల్లూరు వైపు తీరానికి సమాంతరంగా సాగే ఇసుక దిబ్బలు ఒకప్పుడు సముద్రపుటొడ్డు ఎక్కడ ఉండేదో చెప్పే ఆనవాళ్ళు.

ఇంత మంచి నేల ఉన్నా సేద్యం సులువుగా రాలేదు. మనకు వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, అదీ తుపాన్లతో కలిసి పడుతుంది. మూడు నెలల నీటిని ఏడాది పొడవునా నిలుపుకోవడమే ఈ ప్రాంత చరిత్ర అంతా. మొదట చెరువులు తవ్వారు. తూము, కలుజు అన్న మాటలు మన ఇళ్ళలో ఇంకా వినిపించడం అందుకే. 1850లలో ఇంగ్లీషువాళ్ళు నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టారు. తొలి ఏళ్ళలోనే వరదలకు దెబ్బతింటే, మరమ్మతు చేసి పొడిగించారు. దానివల్ల ప్రధానంగా బాగుపడింది ఏటికి దక్షిణాన ఉన్న భూములు. ఉత్తరపు ఒడ్డున ఉన్న మనకు మరో ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో 1876–78 ధాత కరువు వచ్చి పోయింది. 1880లలో సంగం ఆనకట్ట పూర్తయ్యాక, ఆ నీరు కనిగిరి జలాశయంలో నిండి, కాలువల మీదుగా మన పొలాలకు చేరింది. (ఈ కనిగిరి బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్నది. కనిగిరి పట్టణం వేరు.) మన దగ్గర మొదటి పంటతో పాటు ఎడగారు కూడా పండుతున్నదంటే ఆ ఏర్పాటే మూలం.

తర్వాతిది మనం చూసిన చరిత్రే. 78 టీఎంసీల సోమశిల వచ్చింది. సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగ నీరు 1996లో చెన్నపట్నం చేరింది. 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి.

ఈ కట్టడాలన్నీ కంటికి కనిపిస్తాయి. కనిపించని జలాశయం ఇంకొకటుంది. అదే మన కింది ఇసుక. దాని లెక్క సముద్రంతో ముడిపడి ఉంది. ఉప్పునీరు మంచినీటి కంటే కొంచెం బరువు. అందువల్ల తీరప్రాంత భూగర్భంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, మట్టానికి కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రం. దీన్ని తిరగేసి చూడండి. బోర్లతో పైమట్టం ఒక్క అడుగు దించితే, కాలక్రమేణా కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి రాగలదు. ఒకసారి ఉప్పెక్కిన పొర మళ్ళీ తీపెక్కడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ సూత్రం పుస్తకాల్లో చదవకుండానే మన తీరప్రాంత రైతులు పాటించారు. ఇసుక నేలలో లోతు లేని దొరువు తవ్వి, పైపైన ఊరిన నీటిని కడవలతో ముంచి నారుమళ్ళకు, కూరపాదులకు పోశారు. దొరువు నుంచి ఊరినంతే తీయగలం. అంతకు మించి ఆశపడినా అది ఇవ్వదు. ఆ హద్దే నేలను కాపాడింది. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నీటిని మధ్య బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించారు.

లోతు బోరుకు అలాంటి హద్దు లేదు. 1990లలో రొయ్యల చెరువులు వచ్చినప్పుడు తీర గ్రామాల్లో రెండు వైపులా ఒత్తిడి పెరిగింది. ఉప్పునీరు పొలాల మధ్యకు వచ్చింది, మంచినీరు బోర్లలోంచి పైకి వచ్చింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పు దేశమంతటికీ వర్తించేదే అయినా, మన జిల్లా తీరానికి సూటిగా తగిలింది. రొయ్యలతో బాగుపడ్డ కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒకరి చెరువు కింది నీరూ, పక్కవారి తాగునీటి బావి నీరూ ఒకటేనన్నది మరువరాదు. ఏటిలో ఇసుక తవ్వకం సంగతీ అంతే. ఇసుక పోతే వరదనీరు ఇంకే చోటు పోతుంది.

ఏరు తన సంగతి 2021 నవంబరులో మళ్ళీ గుర్తుచేసింది. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద సోమశిల దాటి మన దాకా వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, చెన్నై–విజయవాడ రైళ్ళు ఆగిపోయాయి. ఎండాకాలం బోరు ఎండే ఊళ్ళోనే కార్తీకంలో ఇళ్ళు మునిగాయి. కొరతా వరదా రెండు వేరు సమస్యలు కావు. నీటిని నేలలోకి పంపే దారులు మూసుకుపోతే రెండూ కలిసే వస్తాయి.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. స్వర్ణోత్సవ గుర్తుగా మన బడి ఆవరణలో ఒక పరిశీలన బావి ఏర్పాటు చేద్దాం. ఏటా మే నెలలోనూ, వానలు వెలిశాక జనవరిలోనూ పిల్లలే నీటిమట్టం కొలిచి, ఉప్పుశాతం చూసి, ఒక రిజిస్టరులో రాయాలి. సైన్సు మాస్టార్లు దాన్ని నడిపించాలి. ఖర్చు ఎక్కువేమీ కాదు. ఇరవై ఏళ్ళ రిజిస్టరు ఉంటే, బోరు ఎంత లోతు వేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఊరు తన సొంత లెక్కతో తేల్చుకోగలదు. శతజయంతి సంచికలో ఈ విషయం రాసేవారి చేతిలో ఆ రిజిస్టరు ఉండాలని నా కోరిక.