ఎవరి గడప, ఎవరి చీటీ?

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో, జగ్గయ్యపేట దాపున ఉంటుంది మా గరికపాడు. కోదాడ వెళ్లి పెళ్లి చీరలు కొనుక్కొచ్చిన రోజుల్లో మధ్యలో ఏదో సరిహద్దుందన్న ధ్యాసే ఉండేది కాదు మాకు. 2014 జూన్ 2న అది రెండు రాష్ట్రాల మధ్య గడపై కూర్చుంది. గడపంటే ఏమిటో మాత్రం 2020 మార్చిలోనే తెలిసింది. లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాదు హాస్టళ్లలోని పిల్లలు అక్కడి పోలీసులిచ్చిన పత్రాలు పట్టుకుని ఇళ్లకు బయల్దేరారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆగిపోయాయి. పత్రం నిజమైనదే, సంతకమూ నిజమైనదే. కానీ రమ్మని చెప్పాల్సింది పంపినవాళ్లు కాదు కదా, ఈ గడపవాళ్లు!

టీవీలో అది చూస్తుంటే మా పెద్దవాడి పాత గొడవ గుర్తొచ్చింది. 1998లో వాడు అమీర్‌పేటలో జావా నేర్చుకునేవాడు. పండక్కొచ్చి ఒకటే సణుగుడు. "లెక్కలన్నీ ఉన్న డేటాబేసు పక్క బల్ల మీది కంప్యూటర్లోనే ఉందమ్మా. నా ఆప్లెట్‌ను దాంతో మాట్లాడనివ్వదు ఈ బ్రౌజరు!"

ఆప్లెట్ అంటే 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తెచ్చిన చిన్న ప్రోగ్రాము. ఎక్కడో ఉన్న కంప్యూటరు నుంచి వచ్చి మన కంప్యూటర్లో పనిచేస్తుంది. పొరుగింటివాళ్లు పంపిన వంటమనిషి మన వంటింట్లో దూరినట్టన్నమాట. వంట చేస్తుంది సరే, బీరువా తెరిస్తే? అందుకని బ్రౌజరు ఒక షరతు పెట్టింది. నిన్ను పంపిన ఇంటితో తప్ప మరెవరితోనూ మాట్లాడకూడదు.

అంత కట్టడి ఎందుకని నేనూ అనుకున్నాను. కారణముంది. ఆఫీసు ప్రహరీ లోపల ఉన్నవాళ్లను ఆఫీసు రికార్డులు నమ్ముతాయి. బయటినుంచి వచ్చిన ప్రోగ్రాము లోపలి కంప్యూటర్లో కూర్చుంటే అది కూడా ఇంటి మనిషిలాగే చలామణీ అవుతుంది. ఇది ఉత్త భయం కాదు. 1996 ఫిబ్రవరిలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డ్రూ డీన్, ఎడ్వర్డ్ ఫెల్టెన్, డాన్ వాలక్ ఆ షరతునే బోల్తా కొట్టించి చూపించారు. ఇంటిపేరు అడిగితే తప్పుడు చిరునామా కూడా కలిపి చెప్పించారు, అంతే. నెట్‌స్కేప్ వాళ్లు ఆదరాబాదరాగా ఆ కంత పూడ్చుకున్నారు.

1997లో సంతకం చేసిన ఆప్లెట్లొచ్చాయి. ఫలానావారు పంపారని సంతకముంటే, మనం సరేనంటే కొంత స్వేచ్ఛ. మనమేమో చదవకుండానే సరేనంటాం! (బ్యాంకు కాగితాల మీద సంతకాలు మాత్రం చదివి పెట్టామా ఏమిటి.) చివరికి మా వాడు మంచి దారే పట్టాడు. పంపిన ఇంట్లోనే ఒక గుమాస్తా ప్రోగ్రామును కూర్చోబెట్టాడు. ఆప్లెట్ గుమాస్తాను అడుగుతుంది, గుమాస్తా లోపలికెళ్లి డేటాబేసును అడిగొస్తాడు. ఇప్పుడు మనం ఫోనులో కరెంటు బిల్లు కట్టినా మధ్యన అలాంటి గుమాస్తా ఉంటాడు.

2018లో వచ్చిన పదకొండో జావాతో ఆప్లెట్ల ముచ్చట తీరిపోయింది. షరతు మాత్రం పోలేదు, బ్రౌజర్లలో ఇప్పటికీ ఉంది. పక్కింటి సమాచారం చదవాలంటే ఆ పక్కిల్లే "ఫలానావారు చూడొచ్చు" అని చీటీ రాసివ్వాలి. ఈ పద్ధతిని 2014 జనవరిలో ప్రమాణంగా ఒప్పుకున్నారు. పంపినవాళ్లు ఎన్ని చీటీలు రాసిచ్చినా చెల్లవు.

మా వాడికి ఫోన్ చేసి గరికపాడు సంగతి చెబితే పడీపడీ నవ్వాడు.

"ఆ చీటీ రాయడం మర్చిపోయి వారానికోసారి తిట్లు తింటూనే ఉన్నామమ్మా!"