ఆఖరివాళ్ల పందెం

పంద్రాగస్టుకి బడిలో పరుగుపందెం పెడితే బహుమతికి స్టీలు గిన్నెలు మూడే తెచ్చేవారు. నాలుగోవాడి సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఆఖరివాడైతే సగం దూరంలోనే పక్కకు తప్పుకుని వేపచెట్టు కిందకు చేరేవాడు. అలా చేరినవాళ్లలో నేనూ ఉన్నాను. అలాంటివాళ్లం నలభై దాటాక, తెల్లవారుజామునే లేచి, ఛాతీకి నంబరు కాగితం పిన్నీసులతో గుచ్చుకుని 5కె, అంటే అయిదు కిలోమీటర్ల పరుగుకు వెళుతున్నామంటే ఎక్కడో ఏదో మారి ఉండాలి కదా. వెతికితే ఆ మార్పు మొదలు న్యూజిలాండ్‌లో దొరికింది.

ఆక్లాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ కుర్రాళ్లకు పరుగు నేర్పేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో ఒకేరోజు బంగారు పతకాలు కొట్టారు. నన్నడిగితే ఆయన చేసిన అసలు పని అది కాదు. గుండెపోటు వచ్చినవాళ్లను కదలకుండా పడుకోబెట్టే కాలంలో, అలాంటివాళ్లనూ బానపొట్టల మధ్యవయస్కులనూ మెల్లగా పరిగెత్తించాడు. 1962లో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ మొదలైంది. పెట్టిన షరతు ఒక్కటే: పరిగెడుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టే.

ఆ ఏడాది చివర్లో అమెరికా కోచ్ బిల్ బోవర్‌మన్ అక్కడికి వెళ్లాడు. ఓరెగాన్ యూనివర్సిటీలో ఛాంపియన్లను తయారుచేసే మనిషి, వయసు 51. క్లబ్బువాళ్లతో గుట్ట ఎక్కబోతే ఆయాసం ముంచుకొచ్చి వెనకబడ్డాడు. డెబ్బై దాటిన, అదివరకే గుండెపోటు వచ్చిన ఒక పెద్దాయన వేగం తగ్గించి, కబుర్లు చెబుతూ ఆయన పక్కనే పరిగెత్తాడట. ఆ సిగ్గుతో ఇంటికెళ్లి, 1963లో యూజీన్ ఊరివాళ్లందరికీ జాగింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. 1967లో ఒక గుండె డాక్టరుతో కలిసి పుస్తకమే రాశాడు. నైకీ కంపెనీని నిలబెట్టిన ఇద్దరిలో ఈయన ఒకరు. అదింకో కథ.

మెల్లగా పరిగెత్తడం సరే, అసలు పరిగెత్తడమే తెలియనివాళ్ల మాటేమిటి? 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు, యాభై దాటిన తన తల్లి కోసం తొమ్మిది వారాల పద్ధతి ఒకటి రాశాడు. అదే ‘కౌచ్ టు 5కె’. వారానికి మూడు రోజులు. మొదటివారం అయిదు నిమిషాలు నడిచి, ఆపైన 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు. నిమిషం పరుగేనా అని నవ్వకండి. మొదటిరోజు నలభై సెకన్లకే నేను డొక్క పట్టుకుని నిలబడ్డాను.

ఇక పందెం. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ 13 మందిని 5 కిలోమీటర్లు పరిగెత్తించాడు. ఆయనకు గాయమైంది, తాను పరిగెత్తలేడు, స్నేహితుల్ని వదిలి ఉండలేడు, అందుకని గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో గుర్తుకు, హార్డ్‌వేర్ షాపులో కొన్న వాషర్ల మీద అంకెలు కొట్టి చేతికిచ్చేవారు. నట్టుకూ బోల్టుకూ మధ్య వేసే మామూలు ఇనప వాషర్లే! అదే ఇప్పుడు పార్క్‌రన్ పేరుతో చాలా దేశాల్లో శనివారం పొద్దున జరుగుతోంది. డబ్బు కట్టక్కర్లేదు. బార్‌కోడ్ చూపిస్తే టైము రాసిపెడతారు. పోయినవారం 42 నిమిషాలు పట్టినాయన ఈవారం 41లో వస్తే ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంటాడు.

అక్కడి ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఒక వలంటీరు కావాలనే అందరికన్నా వెనక నడుస్తాడు. ఇంకెవరూ ఆఖరివాళ్లు కాకుండా చూడటమే అతని పని.

మన హైదరాబాద్ మారథాన్‌లోనూ 42 కిలోమీటర్ల వాళ్లతోపాటు 10కె వాళ్లకూ చోటుంది. పెద్దవాళ్ల సంగతి అలా గడిచిపోతోంది. బళ్లో పందెం పెట్టే మాస్టార్లకే నా మనవి. వచ్చే పంద్రాగస్టుకి గిన్నెలు మూడే తెచ్చినా ఫర్వాలేదు, ఆఖరి పిల్లాడి వెనక మీరొకరు నడవండి.